మాస్టారి చెయ్యి పడిన బండి

"పాత ఇటలీ బండి కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు ఏం చూడాలి గురువుగారూ?" అని అడిగింది కనకమహాలక్ష్మి. భానోజీ మాస్టారు జవాబు చెప్పలేదు. స్టవ్ మీంచి అప్పుడే దించిన టీని స్టీలు గ్లాసులో పోయించుకుని, ఆ గ్లాసును అరచేత్తో చుట్టి పట్టుకుని, తాపీగా చివరిదాకా తాగి, "చూద్దాంలే అమ్మా" అని లేచి వెళ్ళిపోయారు. ఆయన తీరే అంత. నోటితో ఇచ్చిన జవాబు చెవి దాటి లోపలికి పోదని ఆయన నమ్మకం. అడిగినవాళ్ళు ఓపిక పట్టాలి. ఏదో ఒక రోజున ఏదో ఒకటి జరుగుతుంది, అదే జవాబు అనుకోవాలి. ఏమీ జరక్కపోతే ఆ ప్రశ్నలో పస లేదని సరిపెట్టుకోవాలి.

మాస్టారు ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పేవారు. రిటైరయ్యాక గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు వేసుకుని, పాత విదేశీ కార్ల మీద మనసుపడ్డవాళ్ళకి బండి చూసిపెట్టే పని మొదలుపెట్టారు. కొనరు, అమ్మరు. బండి చుట్టూ తిరిగి, కిందకి దూరి, నడిపి, చివరికి "తీసుకోండి" అంటారు, లేదా "వద్దు" అంటారు. విశాఖపట్నంలో ఆ సరదా ఉన్నవాళ్ళు ఎక్కువమంది లేరు గానీ, ఉన్నవాళ్ళకి మాత్రం ఆయన మాట తర్వాత ఇంకో మాట లేదు. ఆ పని నేర్చుకోవడానికే కనక ఆ షెడ్డులో చేరింది. డిప్లమా చేతబట్టుకుని ఊళ్ళో ఉన్న ప్రతి సర్వీస్ సెంటరుకీ తిరిగితే, అందరూ రిసెప్షన్‌లో కూర్చోమన్నవాళ్ళే. మాస్టారొక్కరే స్పానర్ చేతికిచ్చారు. ఆ ఒక్కందుకు కనక ఆయన్ని దేవుడి పక్కన కూర్చోబెట్టుకుంది.

మాస్టారు ఏ బండి దగ్గరికి వెళ్ళినా మొదట బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూస్తారు. వేడిగా ఉంటే ఇక ఒక్క మాట మాట్లాడరు. కుర్చీ అడిగి, టీ అడిగి, అది చల్లారేదాకా కూర్చుంటారు. అమ్మేవాళ్ళు, పెళ్ళిచూపులకి పిల్లని ముస్తాబు చేసినట్టు, కొనేవాళ్ళు వచ్చే ముందు ఇంజన్ వేడిచేసి ఉంచుతారు. వేడి ఇంజన్ తన రోగాలు బయటపెట్టదు. నిద్రలేస్తూనే ఎలా దగ్గుతుందో వింటేగాని దాని సంగతి తెలియదని ఆయన అంటారు. ఇంతవరకూ మంచి పాఠమే. శిష్యులు దాన్ని పాఠంగా ఉంచితే ఈ కథ ఉండేది కాదు. వాళ్ళు దాన్ని ఆచారం చేశారు. మాస్టారి చెయ్యి పడ్డాక బానెట్ మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదని షెడ్డులో ఒక నియమం పుట్టింది. ఆయన పెట్టలేదు. పెద్ద శిష్యుడు ఈశ్వరరావు పెట్టాడు. మిగతావాళ్ళు ఎందుకని అడగలేదు. భక్తి ముదిరినచోట ఎందుకని అడగడం తప్పవుతుంది మరి.

అలాంటిదే ఇంకొకటి. మరిగే టీ గ్లాసు మాస్టారు పట్టుకునే తీరు చూసి శిష్యులు మురిసిపోయేవాళ్ళు. గురుపౌర్ణమి నాడు షెడ్డులో ఆయనకి శాలువా కప్పి హారతి ఇచ్చారు. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు ఆయన చెయ్యి కర్పూరం మంట మీద అందరికన్నా ఎక్కువసేపు ఉండిపోయింది. మొహంలో చిన్న మార్పు లేదు. "చూశారా, నిప్పు కూడా ఆయన్ని అంటదు" అని ఈశ్వరరావు అన్నాడు. అందరూ చేతులు జోడించారు. కనక కూడా జోడించింది. మాస్టారి దగ్గర ఎప్పుడో చదువుకుని, ఇప్పుడు రుషికొండ మీద రిసార్టులు నడుపుతున్న దివాకరం అనే ఆయన మాత్రం గబుక్కున పళ్ళెం పక్కకి లాగి, మాస్టారి అరచెయ్యి తిప్పి చూసి, జేబురుమాలు తడిపి కట్టాడు. ఎంత ప్రేమో అనుకుంది కనక.

ఆ తర్వాత కొన్నాళ్ళకి లాయరు హైమవతిగారు షెడ్డుకి వచ్చారు. వయసులో ఉండగా ఒక పత్రికలో ఎర్రటి ఇటలీ స్పోర్ట్స్ కారు బొమ్మ చూసినప్పటి నుంచి ఆవిడకి అది కావాలి. తలనెరిశాక, బాధ్యతలన్నీ తీరాక, ఇప్పుడు అలాంటిదే ఒకటి అమ్మకానికి వచ్చింది. ఇంట్లో అందరూ ఈ వయసులో నీకెందుకన్నారు. "ఏ వయసులో ఏది కొనకూడదో రాసిన చట్టం ఎక్కడుందో చూపించమన్నాను" అని ఆవిడ మాస్టారితో చెప్పారు. కొన్న మొదటి వారంలోనే తానే నడుపుకుంటూ అరకు ఘాట్ ఎక్కాలని ఆవిడ పట్టుదల. కనకకి ఆవిడ చాలా నచ్చారు. అమ్మేది దివాకరమే.

పొద్దున్నే మాస్టారు, హైమవతిగారు, ఈశ్వరరావు, కనక నలుగురూ రుషికొండ వెళ్ళారు. దివాకరం గేటు దాకా ఎదురొచ్చి మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. కారు గ్యారేజీలో, నీడలో, మెత్తటి గుడ్డ కప్పుకుని ఉంది. గుడ్డ లాగగానే హైమవతిగారి మొహం చిన్నపిల్ల మొహమైపోయింది. దివాకరం చేతులు కట్టుకుని, "ముందు మీ చెయ్యి పడాలి మాస్టారూ. ఆ తర్వాతే ఏదైనా" అన్నాడు. మాస్టారు బానెట్ మీద అరచెయ్యి ఆనించారు. కాసేపు ఉంచారు. "చల్లగా ఉంది. చూసుకోండి" అన్నారు.

కనక తన పని మొదలుపెట్టింది. విశాఖ ఉప్పుగాలికి ఇలాంటి కార్లు తలుపుల కింద రేకు దగ్గర ముందు కుళ్ళుతాయి, పైన పుట్టీ పెట్టి రంగేస్తే కంటికి కనపడదు. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని ఆ రేకు పొడుగునా నడిపింది. ఎక్కడా జారిపోలేదు, అంతా అసలు ఇనుమే. తలుపులకీ బాడీకీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉంది, అంటే ఎక్కడా గుద్దుకోలేదు. ఛాసిస్ మీద కొట్టిన నంబరూ కాగితాల్లో నంబరూ కలిశాయి. ఇలాంటి బండి తక్కువ తిరిగిందంటే చాలామంది సంబరపడతారు గానీ, కదలకుండా నిలబెట్టిన బండికి ఇంజన్ లోపలి రబ్బరు బెల్టు ఊరికే పాడైపోతుంది, అది తెగితే ఇంజన్ మొత్తం పోతుంది. ఆ బెల్టు కొత్తదే. దివాకరం మాస్టారి దగ్గర చదువుకున్నవాడు కదా, ఎక్కడ వెతుకుతారో అతనికి తెలుసు. వెతికినచోటల్లా బాగానే ఉంది.

ఈశ్వరరావు బానెట్ ఎత్తాడు. లోపలి నుంచి వెచ్చటి గాలి ఒకటి కనక మొహానికి తగిలింది. ఆమె ఈశ్వరరావు వంక చూసింది. అతను చూపు తిప్పుకుని, "పొద్దున్నుంచీ ఒకటే ఉక్క" అన్నాడు. బానెట్ దించాడు. కనక షెడ్డు నియమం తప్పి, మాస్టారి చెయ్యి పడినచోటే తన చెయ్యి పెట్టింది. కాలుతోంది. తన చేతినే నమ్మలేక రెండో చెయ్యి పెట్టింది. పక్కన నిలిపి ఉన్న జీపు బానెట్ ముట్టుకుంది. అది రాయిలా చల్లగా ఉంది. రెండూ ఒకే నీడలో ఉన్నాయి.

అప్పుడామెకి హారతి పళ్ళెం గుర్తొచ్చింది. మరిగే టీ గ్లాసు గుర్తొచ్చింది. తామందరూ మహిమ అనుకుని చేతులు జోడించినది ఏమిటో తెలిసింది. నోరు తెరిస్తే నలుగురిలో ఆయన పరువు పోతుంది. ఆయన బతుకంతా ఆ చేతి మీద నిలబడింది. ఈశ్వరరావు తనని షెడ్డు గుమ్మం తొక్కనివ్వడు. తనకి స్పానర్ ఇచ్చే ఇంకో షెడ్డు ఈ ఊళ్ళో లేదు. నోరు మూసుకుంటే మాత్రం హైమవతిగారు ఈ బండిని, ఇందులో ఎవరో దాచిన రోగంతో సహా, ఘాట్ రోడ్డు ఎక్కిస్తారు. కనకకి భయంతో పాటు కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. కోపం వచ్చింది కాబట్టి భయం కాస్త వెనక్కి తగ్గింది.

"గురువుగారూ, బండి వేడిగా ఉంది" అంది.

దివాకరం నవ్వాడు. "మాస్టారు చల్లగా ఉందన్నారమ్మా. వినలేదా?"

"విన్నానండి. ఆయన మాటా విన్నాను, బండినీ ముట్టుకున్నాను."

ఈశ్వరరావు మొహం ఎర్రబడింది. "ఏటి కనకా, ఏటి మాటలవి? గురువుగారి మాటకి ఎదురు చెప్పేంత దానివైపోయేవా? నడు బయటికి."

"నడుస్తాను. ఇది చల్లారేక నడుస్తాను" అని కనక వెళ్ళి కారు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నా ఇంట్లో, నా బండికి అడ్డం కూర్చుంటావా?" అన్నాడు దివాకరం. ఈసారి నవ్వలేదు.

"మీ బండే. ఉంచుకునేటట్టయితే ఇప్పుడే లేస్తాను, మీ ఇష్టం వచ్చినట్టు తిప్పుకోండి. ఈ అమ్మగారికి అమ్మేటట్టయితే మటుకు చల్లారాలి."

హైమవతిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. కోర్టులో అలవాటైన గొంతుతో, "మాస్టారూ, గురువుదొక మాట, శిష్యురాలిదొక మాట. నేను ఏది పట్టుకోవాలో మీరే చెప్పండి" అన్నారు.

మాస్టారు తన కుడి అరచేతిని ముందుకి చాపి, అదేదో పరాయివాళ్ళది అయినట్టు చూసుకున్నారు. కనక ఆయన వంక చూడలేక నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఆయన కోప్పడితే బాగుండునని కూడా అనిపించింది ఆమెకి. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. రెండు చేతులూ కారు మీద ఆనించి, ఆ పెద్ద వయసులో మెల్లగా నడుం వంచి, ఎర్రటి బానెట్ మీద తన చెంప ఆనించారు. శిష్యుల ముందు, లాయరు ముందు, దివాకరం ముందు, ఆయన చెంప అలాగే ఉంచి కళ్ళు మూసుకున్నారు. లేచేసరికి చెంప కమిలి ఉంది.

"అమ్మాయి చెప్పిందే నిజం. వేడిగా ఉంది" అన్నారు. "నా చేతులకి స్పర్శ పోయి చాలాకాలమైంది. షుగరు. మీరంతా మహిమ అంటుంటే వినడానికి బాగుండి చెప్పలేదు. దివాకరం, కుర్చీలు వేయించు. చల్లారనిద్దాం."

దివాకరం ఊరికే ఉంటాడా. ముందు టిఫిన్లు అన్నాడు. తర్వాత హైదరాబాద్ నుంచి ఇంకో బేరం వస్తోందన్నాడు, ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడాడు. తర్వాత మేడమ్ గారి టైము పాడవుతోందన్నాడు. "నా టైము ఇన్నేళ్ళు పాడైంది, ఇంకో పూట పాడైతే ఫరవాలేదు" అన్నారు హైమవతిగారు, కుర్చీ కనక పక్కకి లాక్కుని. కనక మాత్రం నేల మీంచి లేవలేదు. టిఫిన్ ముట్టలేదు. మాస్టారు కుర్చీలో కూర్చుని సముద్రం వైపు చూస్తున్నారు. ఆయన్ని అలా చూస్తుంటే ఆమెకి ఏడుపొచ్చింది, మింగేసింది. లేచి వెళ్ళి క్షమించమని అడగాలనిపించింది. అడిగితే తను చెప్పింది తప్పని ఒప్పుకున్నట్టవుతుందని ఆగిపోయింది. తప్పు కాదు. బండి వేడిగా ఉంది, అంతే.

ఎండ గోడ దిగి పోయింది. సముద్రపు గాలి గ్యారేజీలోకి తిరిగింది. మాస్టారు అప్పుడు, "చూడమ్మా" అన్నారు. కనక లేచి, బానెట్ ముట్టుకుని, ఎత్తి, లోపల ఇంజన్ కూడా ముట్టుకుని చూసింది. చల్లబడింది. తాళం ఈశ్వరరావు తీసుకున్నాడు. స్టార్ట్ చేశాడు. ఇంజన్ కాసేపు మొరాయించి, తర్వాత అందుకుంది. గొంతు బాగానే ఉంది. రెండో గేరు పడనని పేచీ పెట్టింది, చల్లగా ఉన్నప్పుడు ఈ జాతి బండ్లకి అది మామూలే, రోగం కాదు. దివాకరం మొహంలోకి మళ్ళీ కళ వస్తోంది. అప్పుడు కనక ముక్కుకి పెట్రోలు వాసన తగిలింది. వంగి టార్చి వేసి చూసింది. పెట్రోలు మోసే రబ్బరు గొట్టం ఇనుప గొట్టానికి కలిసేచోట చిన్న తడి మెరిసింది. చూస్తుండగానే అది బొట్టయింది. బొట్టు జారి కింద పొగ గొట్టం పక్కగా పడింది. దాని వెనకే ఇంకొకటి తయారైంది.

"ఆపు, ఈశ్వరరావూ" అన్నారు మాస్టారు. అతను ఆపేశాడు.

సంగతి హైమవతిగారికి ఆయనే వివరించారు. రబ్బరు ఎండిపోయింది. చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుపోయి సందు వదులుతుంది, పెట్రోలు కారుతుంది. ఇంజన్ వేడెక్కితే రబ్బరు ఉబ్బి సందు మూసుకుంటుంది, ఒక్క చుక్క కనపడదు. వేడిచేసి చూపించిన బండిలో దాన్ని ఎవరూ పట్టుకోలేరు. కొండ మీద రాత్రి నిలబెట్టి, చలికి పొద్దున్నే స్టార్ట్ చేసి, ఆ ఘాట్‌లో నడిపితే, రబ్బరు ఉబ్బేలోపే ఎర్రగా కాలే పొగ గొట్టం మీద ఒక్క బొట్టు పడితే చాలు, బండి అంటుకుంటుంది. ఆవిడ విన్నారు. చేత్తో ఆ ఎర్ర రంగుని ఒకసారి నిమిరారు. "ఎంత అందంగా ఉందో" అన్నారు మామూలుగానే. తర్వాత దివాకరం వైపు తిరిగి, "గొట్టాలన్నీ మార్పించండి. ఆ తర్వాత ఈ అమ్మాయి వచ్చి చూస్తుంది. తను తీసుకోమంటే తీసుకుంటాను. వద్దంటే ఇంకోటి వెతుక్కుంటాను గానీ, కొనడం మాత్రం మానను" అన్నారు.

"నిజంగా నాకు తెలియదు మాస్టారూ" అన్నాడు దివాకరం.

"తెలియకపోతే వేడిచేసేవాడివి కాదు" అన్నారు మాస్టారు. ఆయన గొంతు పెంచలేదు. దివాకరం మళ్ళీ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగారు.

తిరిగి షెడ్డుకి రాగానే ఈశ్వరరావు తనే స్టవ్ వెలిగించి టీ పెట్టాడు. గ్లాసు తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు. ఇంకో గ్లాసు తెచ్చి, కనక మొహంలోకి చూడకుండానే, ఆమె ముందు పెట్టాడు. మాస్టారు అలవాటు కొద్దీ గ్లాసు మీదకి చెయ్యి చాపారు. కనక ఆ గ్లాసు తన వైపు లాక్కుంది.

"కాలుతోంది గురువుగారూ. కాసేపు ఆగండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. టీ మీద పొగ తగ్గేదాకా ఇద్దరూ కూర్చున్నారు. కనక ఇక ఆగలేకపోయింది. "నలుగురిలో మీ మాట కాదన్నాను" అంది. "మళ్ళీ అలా జరిగితే మళ్ళీ కాదంటాను గురువుగారూ. అందుకే క్షమించమని అడగలేకపోతున్నాను."

మాస్టారు కుడి చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టి, వేళ్ళు విప్పారు. లైటు కింద అరచేతిలో పాత బొబ్బల మచ్చలు, వాటి మధ్య హారతి నాటి మచ్చ కనిపించాయి. ఇన్నేళ్ళలో కనక ఆ చేతిని ఇంత దగ్గరగా చూడడం అదే మొదలు.

"బండి కొనేటప్పుడు ముందు ఏం చూడాలని అడిగావు కదూ" అన్నారు. "హారతి నాడు ఈ చెయ్యి తిప్పి చూసినవాడు దివాకరం ఒక్కడేనమ్మా. అందుకే వాడికి బండి వేడిచేసి పెట్టే ధైర్యం వచ్చింది. మీరంతా దణ్ణం పెట్టారు."